మిట్ట ఎక్కే బండి

"...మీ మిట్ట మీదికి ఎక్కిచ్చేకి మా కడవలు తగ్గిచ్చుకోవాల్నా? యా ఊరి న్యాయం ఇది?" అంటోంది మారెక్క, ట్యాంకరు పైపును రెండు చేతులా పట్టుకుని.

"నీ కడవలు ఎవురు ఎత్తకపోయినారు? పదైదు నింపుకుంటివి. నీ గాబు పొర్లేదాకా మేము నాలికలు ఎండబెట్టుకోని కూచోవాల్నా?" అంది తిమ్మక్క. బండి ఈపూట పైకి వస్తుందో రాదో చూద్దామని ఆమె మిట్ట దిగి వచ్చింది.

ట్రాక్టరు మీద కూర్చున్న లక్ష్మన్న వెనక్కి తిరక్కుండానే అన్నాడు. "పైపు ఇడ్సు మారెక్కా. ఇంగ సగం వాళ్లది."

"నీకేమప్పా, పైన శెనక్కాయలు పెడతారు. ఎక్కుతావు."

"నువ్వూ పెట్టు. నీ పొయ్యి కాడికే తోలకొస్తా."

చుట్టూ ఉన్న ఆడవాళ్లు నవ్వారు. మారెక్క పైపు వదిలింది గానీ, మూతి తిప్పుకుంది.

అది 2003 ఎండాకాలం. వజ్రకరూరు దారిలో ఒక రైతు బోరు దగ్గర ట్యాంకరు నింపుకుని, ఆరు కిలోమీటర్లు లాక్కొచ్చి ఈ ఊరికి పోయాలి. రోజుకు రెండు ట్రిప్పులు. మొదటిది పూర్తిగా ఊరికే. రెండోదాంట్లో సగం ఊరికి, సగం పైనున్న మిట్టకొట్టాలకు. అక్కడ ఉండేది ఇరవై రెండు ఇళ్లు. నిండు ట్యాంకరుతో మిట్ట ఎక్కితే ఇంజను డీజిలును గటగటా తాగుతుంది. అందుకని లక్ష్మన్న కింద సగం వదిలి, సగంతో ఎక్కేవాడు. ఆ పంపకం అతను పెట్టిందే. ఎవరూ చెప్పలేదు, ఎవరూ ఒప్పుకోలేదు. రోజూ తగువు పడుతూనే అందరూ దానికి అలవాటు పడ్డారు.

లక్ష్మన్నకు నలభై ఆరేళ్లు. చిన్నతనంలో ఉరవకొండలో శెనక్కాయల లారీకి క్లీనరు. తర్వాత పదిహేనేళ్లు బళ్లారికీ బొంబాయికీ లారీ తోలాడు. రాత్రిపూట చూపు ఆనక లారీ వదిలి ట్రాక్టరు ఎక్కాడు. అతనికి ఉన్న పేరల్లా ఒకటే, డీజిలు మిగల్చడం. ఏ గేరులో ఎక్కడ పోవాలో, ఎక్కడ ఇంజను ఆపి బండిని దానంతట దాన్నే దొర్లనివ్వాలో అతని కాళ్లకు తెలుసు. "లక్ష్మన్న బండికి డీజిలు పొయ్యడు, పోలియో చుక్కలేస్తాడు" అనేవాళ్లు తోటి డ్రైవర్లు. ఆ మాట వింటే అతనికి భోజనం చేసినంత తృప్తి.

ఆ తృప్తే అతన్ని దెబ్బ తీసింది.

బండి బదరీనారాయణది. ఉరవకొండలో ఎరువుల అంగడి నడుపుకుంటూ, కరువు నీళ్ల కాంట్రాక్టు పట్టాడు. మొదట్లో రెండు ట్రిప్పులకు ఎనిమిది లీటర్లు క్యానులో కొలిచి ఇచ్చేవాడు. లక్ష్మన్న ఏడుతో ముగించి, మిగిలిన లీటరును సాయంత్రం అంగడికి తీసుకెళ్లి బల్ల మీద పెట్టేవాడు. ఇంకొకడైతే అమ్ముకునేవాడే. "నీ చెయ్యి మంచిదప్పా" అన్నాడు బదరీనారాయణ. వారం పాటు చూశాడు. ఎనిమిదో రోజు క్యానులో ఏడే పోశాడు.

ఏడుతో కూడా మిట్ట ఎక్కాడు లక్ష్మన్న. తర్వాత డీజిలు ధర పెరిగింది. మళ్లీ పెరిగింది. మూడోసారి పెరిగిన మర్నాడు క్యాను తేలిగ్గా ఉంది.

"ఆరే ఉండాది అన్నా."

"తెలుసు. ట్రిప్పు రేటు ధర పెరగక ముందు కట్టినారు. ఆఫీసుకు నాలుగుసార్లు తిరిగినా. మార్చరంట. నేను యాడ తెచ్చేది?"

"ఆరుకు మిట్ట ఎక్కదు."

"ఏడుకు ఎక్కదని ఎవురైనా అనింటే నమ్మేవాణ్ని. నువ్వే గదప్పా ఎక్కించి చూపిస్తివి." బదరీనారాయణ గొంతులో ఎగతాళి లేదు. "అయినా కాయితంలో మిట్ట ల్యా లక్ష్మన్నా. ఊరి బడి కాడికే కిలోమీటర్లు రాసినారు. పైకి పొయ్యేది నీ ఇష్టంతో పోతాండేది."

లక్ష్మన్న క్యాను తీసుకుని వచ్చేశాడు.

తర్వాత నాలుగు రోజులు తక్కువపడిన అరలీటరూ లీటరూ తన కూలిలోంచి కొన్నాడు. భార్య బయమ్మకు చెప్పలేదు. చెప్పనక్కర్లేకపోయింది. ఉరవకొండకు జీపు ఛార్జీ నాలుగు నుంచి ఆరయింది. లారీ బాడుగ పెరిగిందని అంగట్లో బియ్యం, నూనె, చివరికి ఉప్పు కూడా పెరిగాయి. ఆమె చీర కొంగు ముడి విప్పి చూసుకుని, మళ్లీ కట్టుకుంది.

"మిట్టోళ్లకు నీళ్లు తోలు. వద్దనల్యా. మన ఇంటికి ఏం తోలకొస్తావో అదీ చెప్పు," అంది.

ఐదో రోజు అతను డీజిలు కొనలేదు.

ఆ రోజు ఆరు లీటర్లతోనే ఎక్కాలనుకున్నాడు. దిగుడు కనిపించిన చోటల్లా ఇంజను ఆపాడు. ఎదురుగాలి ఉంటే ఒక్క నిమిషం ఆగి, తగ్గాక కదిలాడు. కింద సగం కంటే కాస్త ఎక్కువే వదిలాడు, బరువు తగ్గుతుందని. మారెక్క మొదటిసారి ఏమీ అనలేదు. మిట్ట సగం ఎక్కాక ఇంజను రెండుసార్లు దగ్గి, ఆగిపోయింది. డీజిలు అడుగంటి గొట్టాల్లోకి గాలి పట్టింది.

బ్రేకు మీద కాలు బిగబట్టి కేకేశాడు. తిమ్మక్కా, ఇంకో నలుగురూ పరుగున దిగి వచ్చి చక్రాల కింద రాళ్లు పెట్టారు. ఆమె కుడి మణికట్టు వంకరగా ఉంటుంది. ట్యాంకరు రాని ఏడాది ఈ దారిలోనే నిండు కడవతో జారి పడింది. అప్పుడు అతికిన ఎముక అలాగే అతికింది. రాయి ఎత్తేటప్పుడు ఆ చేతిని వాడదు.

"ఏమైంది లక్ష్మన్నా?"

"డీజిలు అయిపోయింది."

"నీకా?" అంది తిమ్మక్క.

ఆ ఒక్క మాటకు అతను తల ఎత్తలేకపోయాడు.

ఊళ్లో ఉన్న ఫోను నుంచి కబురు వెళ్లింది. గంటన్నరకు బదరీనారాయణ మోపెడ్ మీద రెండు లీటర్లు తెచ్చాడు. చొక్కా చెమటకు వీపుకు అంటుకుపోయింది. దారి పొడవునా తిట్టుకుంటూ వచ్చి ఉంటాడు గానీ, ఇక్కడ తిట్టలేదు. రాళ్ల మీద నిలిచిన బండిని చుట్టూ తిరిగి చూశాడు. లక్ష్మన్నను పక్కకు పిలిచాడు.

"బండి యానక్కి దొర్లింటే? కింద బడి ఉండాది."

"తెలుసన్నా."

"రేపట్నుంచి ఎక్కద్దు. బ్రేకులు చెడిపోయినాయని చెప్పు. కొన్నాళ్లు నమ్ముతారు. ఆలోపల వాన పడొచ్చు."

లక్ష్మన్న డీజిలు పోసి, గొట్టం బిగింపు వదులు చేసి, ఇంజను పక్కనుండే చేతిపంపు కొట్టి గాలి తీశాడు. నురగ పోయి శుభ్రమైన డీజిలు వేళ్ల మీదికి కారింది. దాన్ని తుడుచుకోకుండా బండి ఎక్కాడు.

పైన ఆడవాళ్లు వరసగా పట్టుకున్నారు. ఇంటికి నాలుగు కడవలు వచ్చాయి. చివరి రెండిళ్లకు రెండేసి. ఎవరూ తగువు పడలేదు. తిమ్మక్క పైపు చుట్టి కొక్కేనికి తగిలించి, దోసెడు శెనక్కాయలు తెచ్చి అతని ముందు పట్టింది. లక్ష్మన్న తీసుకోలేదు. సీటు మీద నిలబడి, అందరికీ వినపడేటట్టు చెప్పాడు.

"బ్రేకులు బాగుండాయి. డీజిలు చాలదు. రేపట్నుంచి బండి మిట్టెక్కదు. కింద మలుపు కాడ నిలబెడతా, కడవలు ఆడికే తెచ్చుకోండి."