ఎడమ బ్రేకు

మా ఇంటి వెనక దొడ్లో ఒక చైన్ల ట్రాక్టరు ఉంది. వయసులో నాకంటే పెద్దది. టైర్లు ఉండవు, రెండు పక్కలా ఇనప చైన్లు, ముందర మట్టి తోసే పెద్ద రేకు. ఊళ్లో అందరూ డోజరు అంటారు. ఒకప్పుడు దీనితో చుట్టుపక్కల ఏడెనిమిది ఊళ్ల బీళ్లు చదును చేశాం. జేసీబీలు వచ్చాక దీన్ని పిలిచేవాళ్లు తగ్గిపోయారు. ఎప్పుడైనా రాళ్ల బీడు తగిలితే పిలుస్తారు, నేనే ఎక్కుతాను. కాకపోతే ఇప్పుడిది సరిగ్గా కుడికే తిరుగుతుంది. ఎడమకు ఎందుకు తిరగదో ఊరికి చెప్పే కారణం ఒకటి, అసలు కారణం ఇంకొకటి. అసలుది ఇక్కడ రాస్తున్నానంటే నాకు ధైర్యం వచ్చిందని కాదు. మా ఊళ్లో పుస్తకాలు చదివేవాళ్లు లేరు, అంతే.

ఈ బండికి స్టీరింగ్ చక్రం లేదు. రెండు లివర్లు, రెండు పెడళ్లు. ఎడమకు తిరగాలంటే ఎడమ లివర్ లాగాలి. దానితో ఆ పక్క చైనుకు ఇంజను పట్టు వదిలిపోతుంది. వెంటనే ఎడమ పెడల్ తొక్కాలి. లోపల ఒక డ్రమ్ము, దాని చుట్టూ ఇనప పట్టీ. తొక్కగానే పట్టీ బిగుసుకుని ఆ చైనును ఆపేస్తుంది. కుడి చైను నడుస్తూనే ఉంటుంది కాబట్టి బండి ఎడమకు తిరుగుతుంది. పట్టీకి లోపలివైపు లైనింగు ఉంటుంది, సైకిలు బ్రేకు రబ్బరు లాంటిదే అనుకోండి. ఆ లైనింగుకు నూనె చుక్క తగలకూడదు. మా కథంతా ఆ ఒక్క మాటలోనే ఉంది.

దీన్ని ప్రభుత్వ వేలంలో కొన్నది మా నాయన. ఎద్దులనూ బండినీ అమ్మి కొన్నాడు. అంతకుముందు ముప్పై ఏళ్లు ఆ బండి మీద వేరుశనగ బుడ్డల మూటలు ఆదోని మార్కెట్టుకు తోలిన మనిషి. బండి అమ్మాడు గానీ దాని ఇరుసుకు వేలాడే కందెన గొట్టాన్ని మాత్రం అమ్మలేదు. వెదురు బొంగులో ఆముదం, మసి కలిపి పోసుకునే గొట్టం అది. దాన్ని తెచ్చి డోజరు సీటు వెనక తగిలించాడు. నేను నవ్వుకున్నాను. ఆనాడే తీసి పారేసి ఉంటే బాగుండేది.

అప్పట్లో మా తాలూకాలో పాత డోజర్ల లోపలి సంగతి తెలిసిన మేస్త్రీ ఒక్కడే. సాయిబు. ఆదోనిలో ఎమ్మిగనూరు రోడ్డు పక్కన రేకుల షెడ్డు. మాట తక్కువ, పని ఎక్కువ. లైనింగు బిగించే రివిట్లు బజారులో కొనేవాడు కాదు, పాత కరెంటు తీగలోని రాగితో తానే కొట్టుకునేవాడు. ఆయనకు ఒక పద్ధతి ఉండేది. బ్రేకు బాగు చేశాక డ్రైవరును బండి ఎక్కించి, తాను ముప్పై అడుగుల ముందర నిలబడేవాడు. నేరుగా తన మీదికే తోలమనేవాడు. దగ్గరికి వచ్చాక చెయ్యి ఎత్తుతాడు, అప్పుడు లివర్ లాగి పెడల్ తొక్కాలి. బండి ఆయన ముందరే గిరుక్కున తిరిగిపోవాలి. ఆయన కాలు కదిపేవాడు కాదు. "నా పని మీద నాకే నమ్మకం లేకపోతే నీకెట్లుంటాదప్పా?" అనేవాడు.

ఇరవై ఏళ్ల కిందట మా డోజరుకు రెండు పక్కలా లైనింగులు అరిగిపోతే ఆయనే మా ఊరికి వచ్చి మూడు రోజులు ఉండి మార్చాడు. సీటు పీకి, పైన మూతలు తీసి, పట్టీలు బయటికి లాగి, ఒక్కొక్క రివిటూ కొట్టాడు. చివరి రోజు ఎప్పటిలాగే ముందర నిలబడ్డాడు. కుడికి ఒకసారి, ఎడమకు ఒకసారి. రెండుసార్లూ బండి చెప్పినట్టు విన్నది. కాకపోతే ఎడమ పెడల్ తొక్కినప్పుడల్లా కీచుమని చెవులు చిల్లులు పడేలా అరిచింది.

"కొత్త లైనింగు గదప్పా, నాలుగు దినాలు అరుస్తాది. అరవనీ. డ్రమ్ముకు అలవాటు పడినాక అదే నోరు మూసుకుంటాది. నూనె మాత్రం తగలనీయొద్దు. ఇంట్లో అందరికీ చెప్పు" అన్నాడు మేస్త్రీ, పనిముట్లు సంచిలో వేసుకుంటూ.

"చెప్తాలే మేస్త్రీ" అన్నాను.

చెప్పలేదు. ఇంట్లో అందరూ అంటే ఉన్నది నాయనే కదా. ఆయనకు బండి గురించి చెప్పడమంటే తాతకు దగ్గులు నేర్పడమే అనుకున్నాను.

ఆ అరుపు నాయనకు సహించలేదు. ఇరుసు కీచుమంటే ఎద్దు ఉసురు తగులుతుందని నమ్మే కాలపు మనిషి. పక్క చేలవాళ్లు నవ్వుతున్నారని కూడా ఆయన బాధ. "ఏందిరా ఆ ఏడుపు? కందెన వేయని బండికి కావలసినంత సంగీతం అని ఊరికే అన్నారా పెద్దోళ్లు?" అన్నాడు రెండోనాడు. నేను అన్నం తింటూ ఊఁ కొట్టాను.

మూడోనాడు పొద్దున నేను బండి దగ్గరికి వెళ్లేసరికి నాయన అక్కడే ఉన్నాడు. చేతులు తుడుచుకుంటున్నాడు. ముఖంలో సంతోషం. "ఎక్కు ఎక్కు. ఈ పొద్దు అరవదులే" అన్నాడు. నిజంగానే అరవలేదు. లైనింగు అప్పుడే అలవాటు పడిందనుకున్నాను.

ఆ రోజు పని ఊరి బయట ఒక రైతు చేలో. చేను పల్లానికి ఉంది. కింద కుడి పక్కన పెద్ద దిగుడు బావి, గట్టు మీద మోటరు గది. బావికి ఇరవై అడుగుల దూరంలో ఎడమకు తిప్పుకోవాలి. లివర్ లాగాను, పెడల్ తొక్కాను. పెడల్ గట్టిగానే ఉంది, పట్టు మాత్రం లేదు. ఎడమ చైను వదులైపోయి పల్లంలో అదే ముందుకు ఉరికింది. కుడి చైనును ఇంజను పట్టి ఉంచడంతో బండి ఎడమకు బదులు కుడికి తిరిగింది. నేను పెద్ద క్లచ్చు లాగేలోపల మోటరు గది గోడ కూలింది, కుడి చైను సగం బావి మీదికి వచ్చి ఆగింది. నేను దూకేశాను. గదిలో ఎవరూ లేకపోవడం మా అదృష్టం.

రైతు మేస్త్రీకి కబురు పంపాడు. ఊరు ఊరంతా రావడానికి ఇంకా సమయం ఉంది. నేను సీటు వెనక చిన్న పలక విప్పి లోపల వేలు పెట్టి చూశాను. వేలు జిడ్డుగా, నల్లగా వచ్చింది. వాసన చూశాను. ఆముదం. ఆ వాసన నేను పొరబడేది కాదు, చిన్నప్పుడు ఆదివారం ఆదివారం మా అమ్మ తలకు పట్టించిందే. సీటు వెనక కందెన గొట్టం తలకిందులుగా వేలాడుతోంది, ఖాళీగా. తిరిగి చూస్తే, ఎప్పుడు వచ్చాడో, నాయన గట్టు మీద గొంతుక్కూర్చున్నాడు, నెత్తిన టవలు. ఆయన చూపు నా వేలి మీదే ఉంది. నేను వేలిని ప్యాంటుకు తుడుచుకున్నాను. పలక పెట్టి నట్టు బిగించాను. ఆ నట్టు బిగించిన చెయ్యి నాదే, దానికి ఎవరూ నన్ను బలవంతపెట్టలేదు.

మధ్యాహ్నానికి మేస్త్రీ వచ్చాడు. అప్పటికి వందమంది మూగారు. రైతు కూలిన గోడ చూపించి అరుస్తున్నాడు. మేస్త్రీ బండి చుట్టూ తిరిగి, చైను చూసి, నా పక్కకు వచ్చి నిలబడ్డాడు.

"పలక ఇప్పండప్పా. నా తప్పుంటే లైనింగే చెప్తాది" అన్నాడు.

అందరూ నావైపు చూశారు. విప్పితే మా నాయన చేసింది బయటపడుతుంది. నూనె తగలనీయొద్దని నాకు చెప్పిన సంగతీ బయటపడుతుంది. "ఇంగ ఇప్పి చూసేదేముండాది మేస్త్రీ? నీ బ్రేకు పట్టలే. నా పానం పోతాండె" అన్నాను. గొంతు పెంచి మరీ అన్నాను.

అంతవరకూ నోరు విప్పని నాయన అప్పుడు లేచాడు. "పోనీండప్పా, వయసు మీద పడింది. కండ్లు ఆనలేదేమో" అన్నాడు, జాలిగా.

నా అరుపుకంటే ఆ జాలే మేస్త్రీని ముంచింది. తప్పు చేసిన మేస్త్రీకి జనం మళ్లీ పని ఇస్తారు. చూపు తగ్గిన మేస్త్రీకి ఎవరిస్తారు? ఆయన నన్ను కాసేపు చూశాడు. సంచి భుజాన వేసుకుని నడిచి వెళ్లిపోయాడు. మాట ఆయనకంటే ముందే ఆదోని చేరింది. రెండేళ్లలో షెడ్డు మూతబడింది.

అసలు సిగ్గుపడాల్సింది ఆ తర్వాత జరిగింది. నేను ఒక్కణ్నే కూర్చుని ఆ ఎడమ పట్టీ విప్పి, లైనింగును పెట్రోలుతో నాలుగుసార్లు కడిగి, పిడకల నిప్పు సెగన జిడ్డంతా కారేదాకా ఆరబెట్టి, మళ్లీ బిగించాను. బ్రహ్మాండంగా పట్టింది. కడపలో కొత్త లైనింగు వేయించానని ఊళ్లో చెప్పాను. చూపు ఆనని మేస్త్రీ వేసిన ఆ లైనింగే ఇరవై ఏళ్లు నాకు అన్నం పెట్టింది.

కందెన గొట్టం ఏమైందో తెలియదు, మళ్లీ కనపడలేదు. నాయన ఆ సంగతి ఎన్నడూ ఎత్తలేదు. పైగా నా ముందరే ఎవరితోనో "ఆ సాయిబు పని గదప్పా అది" అని ఒకటి రెండుసార్లు అన్నాడు. అన్న ప్రతిసారీ ఆయన మీద అసహ్యం వేసింది, ఊరుకున్నందుకు నా మీద అంతకంటే ఎక్కువ వేసింది. పోయేటప్పుడైనా చెబుతాడేమోనని మంచం పక్కన కూర్చున్నాను. మజ్జిగ అడిగాడు. అంతే.

పోయిన ఎండాకాలం ఎడమ లైనింగు రివిట్ల దాకా అరిగిపోయింది. నలుగురు మెకానిక్కులను అడిగాను. ఇంత పాతది మాకు తెలియదన్నారు. మేస్త్రీ ఓర్వకల్లు దగ్గర ఒక ఫ్యాక్టరీ గేటు కాడ కాపలా ఉంటున్నాడని తెలిసింది. పట్టీ విప్పి గోనెసంచిలో వేసుకుని బస్సెక్కాను.

గేటు పక్కన రేకుల నీడలో కూర్చున్నాడు. డెబ్బై దాటాయి. వాళ్లిచ్చిన నీలం చొక్కా ఇద్దరు పట్టేంత వదులుగా ఉంది. నన్ను చూడగానే గుర్తుపట్టాడు, చూపుకేమీ కాలేదు.

"ఏమప్పా, బాగుండావా? నాయన బాగుండాడా?"

"పోయి నాలుగేండ్లాయ మేస్త్రీ."

"అయ్యో" అన్నాడు. నిజంగానే అన్నాడు.

కొలతకోసం అని సంచిలోంచి పట్టీ తీసి ఇచ్చాను. అంత తెలివి తక్కువ పని ఎట్లా చేశానో ఇప్పటికీ అర్థం కాదు. ఆయన దాన్ని తిప్పి, రివిట్ల మీద బొటనవేలు పెట్టి రుద్దాడు. మసి పోయి రాగి మెరిసింది.

"ఎవరేసినారు ఇది?"

"కడపలో వేయించినా."

ఆయన నవ్వాడు. "నా సుత్తికి మూల ఇరిగిండె. ప్రతి రివిటు మీదా ఆ గాటు పడేది. ఇదో చూడు. కడపలో గూడ అట్లాంటి సుత్తే ఉండాదన్నమాట."

ఆయన పట్టీని ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఆ పొద్దు నా పక్కనే నిలబడినావు గదప్పా. నీ ప్యాంటు ఆముదం వాసన కొడతాండె."

"తెలిసి గూడ అప్పుడే ఎందుకు చెప్పలేదు మేస్త్రీ?"

"నువ్వు చెప్తావేమోనని చూసినా" అన్నాడు. పట్టీ నాకు తిరిగిచ్చి, "ఇంగా చూస్తాండా" అన్నాడు.

తర్వాత టీ తెప్పించాడు. పని చేస్తానన్నాడు. "నాకు దుడ్లు గూడ వద్దు. ఆ బాయి కాడికే మీ ఊరోళ్లను పిలువు. ఆ పొద్దు ఏం జరిగిందో నీ నోటితో చెప్పు. ఆమీన బ్రేకు బిగించి, ఎప్పటి మాదిరే ముందర నిలబడతా. అంతే నేనడిగేది."

"సరే మేస్త్రీ. వచ్చే వారం పిలుస్తా" అన్నాను. అన్నప్పుడు అబద్ధం ఆడుతున్నానని అనుకోలేదు.

వారం పోయింది, ఏడాది పోయింది. పోయినవాడి పేరు చెడగొట్టడం ఎందుకని మొదట్లో నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అది కూడా అబద్ధమే. ఇప్పుడు చెడేది నా పేరే. పట్టీ గోనెసంచిలోనే ఉంది, దూలానికి వేలాడుతూ.

మొన్న ఒక రాళ్ల బీడు చదును చేయడానికి వెళ్లాను. ఎడమకు తిరగాల్సిన ప్రతిచోటా కుడికి మూడుసార్లు తిరుగుతున్నాను. గట్టు మీద నిలబడి చూస్తున్న రైతుకు నవ్వొచ్చింది.

"ఏమప్పా, గానుగెద్దు మాదిరి తిరుగుతాండావు. ఆ బ్రేకు చేయించుకోరాదా?"

"మంచి మేస్త్రీ యాడ దొరుకుతాడప్పా ఈ కాలంలో" అన్నాను.