మార్తమ్మ దోనెలో తిరుగు ప్రయాణం

పోయిన నెల తాడేపల్లిగూడెం చర్చిలో ఒప్పుకోలు ప్రార్థన చదివించే వంతు నాకు వచ్చింది. పొరుగువారి మీద చేసిన పాపమనే మాట దగ్గర ఆగిపోయి పుస్తకం పక్కాయన చేతికిచ్చేశాను. జలుబని తప్పించుకున్నాను. ఆ జలుబుకు మందు కొల్లేటి లంకలో ఉంది. అందుకే ఈ ప్రయాణం.

ఆదివారం తెల్లవారుజామున ఐదింటి పాసింజరు ఎక్కాను. ఏలూరుకు టిక్కెట్టు ముప్పావలా. ఎదుటి బల్ల మీద ద్వారకా తిరుమల వెళ్తున్న ముసలాయన.

"నాలుగేళ్ళ మొక్కండి. తలనీలాలిచ్చేస్తే బరువు దిగిపోద్ది. తమరెక్కడిదాకా అండీ?" అన్నాడు.

"నేనూ బరువు దించుకోడానికేనండి" అన్నాను. ఆయన భీమడోలులో దిగిపోయాడు.

ఆరున్నరకు ఏలూరు. స్టేషను ఎదుట హోటల్లో ఇడ్లీ తెప్పించుకుని సగం వదిలేశాను. అక్కడి నుంచి కొల్లేటి రేవుకు జట్కాలో రెండు గంటలు. జట్కావాడు దారంతా గుర్రాన్ని తిడుతుంటే నన్నే తిడుతున్నట్టు అనిపించింది.

రేవులో మూడు దోనెలున్నాయి. ఒకదాంట్లో గెడ పట్టుకుని మార్తమ్మ. "రండి మేస్టారూ" అంది. వేరే బేరం కుదిరిందని చెప్పి పక్క దోనె ఎక్కాను. పాపం ఒప్పుకోవడానికి వెళ్తూ దారిలో ఇంకో అబద్ధం!

రెండేళ్ళ క్రితం నేను ఆ లంకలోని మిషను బడిలో మేస్టర్ని. అమ్మవారి తిరునాళ్ళు చూడాలని సరదాపడి మార్తమ్మ దోనెలోనే వెళ్ళాను. ఆమె మా సంఘస్థురాలు, భర్త పోయాక మనుషుల్ని దాటించి బతుకుతోంది. తిరిగి వస్తుంటే దోనెలో యాత్రికులు చలిమిడి పంచారు. ప్రసాదం తినకూడదని మా సంఘం కట్టడి. ఆమె దణ్ణం పెట్టి వద్దంది. నేను మొహమాటానికి తిన్నాను, రుచిగా ఉందని మళ్ళీ చెయ్యి చాచాను.

వారం తర్వాత మా పాస్టరు అయ్యగారు, మా సంఘంవాళ్ళెవరో దోనెలో ప్రసాదం తిన్నారని విని, ఎవరని ఆరా తీశారు. ఆమె ఎక్కడ నా పేరు చెబుతుందోనని, నేనే ముందు "మార్తమ్మ" అన్నాను. మేస్టారి మాట ముందు ఆమె మాట నిలవలేదు. నెలకోసారి రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే ప్రభువు బల్లకు ఆమెను దూరం పెట్టారు. అలాంటివాళ్ళు గుమ్మం పక్క చాప మీద కూర్చోవాలి. తాడేపల్లిగూడేనికి బదిలీ అయ్యేదాకా నేను ముందు వరసలో రొట్టె తీసుకుంటూ, ఒక్కసారీ ఆ చాప వైపు చూడలేదు.

పదకొండింటికి లంక చర్చిలో ఆరాధన మొదలైంది. మార్తమ్మ కూడా వచ్చి గుమ్మం పక్క చాప మీద కూర్చుంది. ఒప్పుకోలు ప్రార్థనకు అందరం మోకరించాం. అందరి గొంతులో గొంతు కలిపేసి ఊరుకుందామా అని ఒక్క క్షణం అనిపించింది. అయ్యగారు క్షమాపణ వాక్యం ఎత్తేలోగా లేచి నిలబడ్డాను.

"ఆ చలిమిడి తిన్నది నేనండి. మార్తమ్మగారు కాదు."

నా దగ్గర అక్షరాలు దిద్దుకున్న పిల్లలు వెనక్కి తిరిగి చూస్తున్నారు. అంత సిగ్గు నేనెన్నడూ ఎరగను.

అయ్యగారు ప్రార్థన పుస్తకం మూసి నా వైపు చూశారు. "ఒప్పుకున్నవారిని ప్రభువు క్షమిస్తాడు. మిమ్మల్నీ క్షమించాడు. బల్లకు మాత్రం వచ్చే నెల రండి మేస్టారూ. ఇవాళ అక్కడ కూర్చోండి" అని చాప చూపించారు. తర్వాత, "విచారించకుండా నమ్మాను, నాదీ తప్పేనమ్మా" అంటూ మార్తమ్మను ముందుకు పిలిచారు. ఆమె లేచిన చోట నేను కూర్చున్నాను. చాప ఇంకా వెచ్చగా ఉంది.

రెండింటికి తిరుగు ప్రయాణం. ఈసారి ఆమె దోనే ఎక్కాను. సగం దూరం పోయాక, "నన్ను క్షమించారా అండీ?" అని అడిగాను.

"క్షమించానండి. కడుపులో మంట లేదనను. అది తగ్గడానికి ఇంకొంత కాలం పడుద్ది" అంది, గెడ ఆపకుండా.

"నా సంగతి అప్పుడే చెప్పేయాల్సింది కదండీ."

"చెబితే మిమ్మల్ని బడిలోంచి తీసేసేవారండి. పిల్లలకి చదువు పోద్ది." గెడ ఇంకో పక్కకి మార్చింది. "నాకు రొట్టె లేదని ఏడ్చానండి. తప్పు దాచుకుని ఆ రొట్టె తింటే శిక్ష తగులుద్దంటారు గదండీ, మీరు తింటుంటే మాత్రం భయమేసేది. మీకేమన్నా అవుద్దేమోనని, ఆ చాప మీదే మీ కోసం ప్రార్థన చేసేదాన్ని."

ఆ వైపు వెళ్ళేవారు ఏలూరులో పొద్దున్నే జట్కా మాట్లాడుకోండి. రేవులో మార్తమ్మ దోనె ఎక్కండి, నీటి చుక్క పడకుండా దాటిస్తుంది. వచ్చే నెల నేనూ అదే ఎక్కుతాను. నేను మింగిన ప్రతి రొట్టె వెనకా ఆమె ప్రార్థన ఉందని తెలిశాక, రైల్లో ఎవరి మొహమూ చూడలేక గూడెం దాకా కిటికీ వైపే తిరిగి కూర్చున్నాను.