దర్జీ తెచ్చిన వాక్యం

మా వీధి దర్జీ ప్రార్థనలో కూడా మెడలో టేపు తీయడు. ఎవరికి కష్టమొచ్చినా బైబిలు చంకన పెట్టుకుని వెళ్లి, కళ్లు మూసుకుని ఏదో ఒక పేజీ తెరిచి, వేలు పడిన వాక్యం గట్టిగా చదివి వస్తాడు. ఒకసారి జలుబు చేసిన పోస్టుమాన్‌కి ఎవరు ఎవరిని కన్నారో చెప్పే వంశావళి వచ్చింది. ఆయన పేర్లన్నీ ఓపిగ్గా విని ఆమెన్ అన్నాడు.

తన చెల్లెలి పసిబిడ్డ జ్వరంతో పోయినప్పుడూ అలాగే వెళ్లాడు. పిల్లలు తప్పు చేశారు గనకే పోయారన్న అర్థం వచ్చే మాట మీద వేలు పడింది. గొంతు సవరించుకుని చదివాడు.

మంచం మీది చెల్లెలు అతని వైపు తిరిగింది. "ఇది ఎవరన్న మాట అన్నయ్యా?"

"దేవుడి మాటే కదమ్మా."

"కాదు. ఏ తప్పూ చేయకుండానే కష్టాలపాలైన యోబును ఓదార్చడానికొచ్చిన స్నేహితుడన్నది. అదంతా పద్యాల్లో సాగే వాదులాట. చివర్న దేవుడు చీవాట్లు పెట్టింది ఆ స్నేహితులకే. గుడ్డపీలిక చూసి చొక్కా ఎవరిదో చెప్పేస్తావా? మొదట్నుంచి చదువు."

అతను పెదవులు కదుపుతూ మొదటి నుంచి చదివాడు. బిడ్డలందరినీ పోగొట్టుకున్న ఆ మనిషి పక్కన స్నేహితులు ముందు కొన్నాళ్లు ఒక్క మాటా ఆడకుండా నేల మీద కూర్చున్నారన్న చోట ఆగాడు. పుస్తకం మూసి, కుర్చీ దిగి, చెల్లెలి మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు.

ఆ రోజు కొట్టు తెరవలేదు.