ఆర్విల్ చూపుడువేలు

ఆర్విల్ టాకెట్ ఏ వస్తువుకైనా ముందు ధర చీటీ తిప్పి చూస్తాడు, తరువాతే వస్తువును చూస్తాడు. ముప్పై ఏళ్ళు కెంటకీ కొండదారుల్లో ఉత్తరాలు పంచి రిటైరైన మనిషి. పక్కవీధిలో ఎవరిదో గడ్డికోత యంత్రం దొంగలెత్తుకుపోయినప్పటి నుంచీ, శనివారమొస్తే చాలు, జేబులో పట్టే చవక రివాల్వర్ కోసం డెల్బర్ట్ తుపాకుల కొట్టుకు హాజరు. అయిదు గుండ్లు పట్టేవి ఒక్కొక్కటే అందుకుని, ఖాళీదేనని రెండుసార్లు చూసుకుని, గోడకేసి గురిపెట్టి, నాలుక కొన బయటపెట్టి మరీ ట్రిగ్గర్ నొక్కుతాడు. కీళ్ళవాతపు వేలికి అది కదలదు. “స్ప్రింగు బాగాలేదు,” అని పెట్టేస్తాడు.

ఈ శనివారం బజారు పనుందని భార్య లొరీన్ కూడా వెంట వచ్చింది. నాలుగోదాని స్ప్రింగు కూడా బాగాలేదనగానే, “ఏదీ, ఇటివ్వు,” అని అందుకుంది. డెల్బర్ట్‌ని వాళ్ళమ్మ మోకాలి నొప్పి ఎలా ఉందని అడుగుతూనే, గోడకేసి టకటకా అయిదుసార్లు నొక్కింది. ఇంట్లో ఊరగాయ సీసాల మూతలు తీసేదీ ఆ చెయ్యే. డెల్బర్ట్ తలెత్తకుండా శుభ్రంగా ఉన్న కౌంటరు అద్దాన్నే మళ్ళీ తుడిచాడు. ఆర్విల్ గొంతు సవరించుకుని ధర చీటీ మరోసారి చూశాడు.

“సరే డెల్బర్ట్, ఇదే ఇచ్చెయ్,” అని భార్యవైపు తిరిగాడు. “దొంగొస్తే నిన్ను లేపుతాలే.”

“గాలికి తలుపు కొట్టుకున్నా లేపేది నన్నేగా,” అంది లొరీన్.