సైరన్‌కు ఆగిన ఎడ్లు

ఇందులో ప్రతి అక్షరం నిజం. నా మాటను మా ఇంట్లో పిల్లి కూడా నమ్మదని నాకు తెలుసు. పాలు పోశానని పిలిస్తే ముందు గిన్నెలోకి తొంగి చూసి, ఆ తర్వాతే దగ్గరికి వస్తుంది. అందుకే ఈసారి అన్నం కంచం మీద చేయి పెట్టి మరీ ఒట్టు వేస్తున్నాను.

నిన్న సాయంత్రం మా కోడలు నా మోకాలికి రాయడానికి గిన్నెలో కాస్త ఆముదం వేడిచేసింది. ఆ వాసన వంటింట్లోంచి ముందు గదిలోకి వచ్చేసరికి నేను గోదావరిఖని క్వార్టర్‌లో లేను, వరిగడ్డి కాల్చిన బూడిదను ఆముదంలో కలిపి, ఆ నల్లటి కందెనను బండి ఇరుసుకు పూస్తున్న మా తాత పక్కన గొంతుక్కూర్చుని ఉన్నాను. అది మేమంతా కలిసి రైతు మేళాకు పోయిన నాటి పొద్దున. చలి వెనక్కి తగ్గి, మోదుగు చెట్లు ఆకులన్నీ రాల్చుకుని ఒళ్లంతా నిప్పు పెట్టుకున్నట్టు పూసే రోజులు.

మా ఊరు కమాన్‌పూర్ దగ్గర. అప్పటికి ఊరు ఇంకా ఉంది కానీ, ఓపెన్‌కాస్ట్ బొగ్గు గని తవ్వుకుంటూ తవ్వుకుంటూ వచ్చి మా చేనునూ మింగింది. భూమికి బదులుగా బాపుకు, అంటే మా నాన్నకు, గనిలో కొలువు దొరికింది. బాపుకు డ్యూటీ వచ్చింది, తాతకు పని పోయింది. మిగిలినవి ఒక ఎర్రెద్దు, ఒక తెల్లెద్దు. దున్నడానికి జానెడు నేల లేకున్నా తాత రోజూ వాటిని కడిగి, మెడలు నిమిరి, కాడి కట్టి ఊరి చుట్టూ తిప్పి తెచ్చేవాడు.

మేళాకు ముందు రోజు బాపు అడగనే అడిగాడు. "నాయినా, దున్న చేను లేదు, మేప బీడు లేదు. వీటిని ఏం జేద్దమే?"

"మేళాల బండి పందెం పెట్టిన్రు. గెల్సిన ఎడ్లను ఎవుసం జేసేటోడు కొనుక్కపోతడు. ఓడిన ఎడ్లను ఎవడు కొంటడో నీకెరుక లేదా?" అన్నాడు తాత.

ఓడిన ఎడ్లు కబేళాకు, కోతకు పోతాయని అంత చిన్న వయసులో నాకూ తెలుసు.

తెల్లారి తాత వాటిని వాగులో తోమి, కొమ్ములకు పసుపు నూనె రాసి, నొసటన కుంకుమ పెట్టాడు. అమ్మ ఒత్తిన సర్వపిండి బాపు డ్యూటీ డబ్బాలోకి ఎక్కింది. నైట్ షిఫ్టు దిగి నేరుగా వచ్చిన బాపు ఎంత రుద్ది కడుక్కున్నా కంటి రెప్పల అంచున బొగ్గు కాటుకలా మిగిలే ఉంది. నేనూ తమ్ముడూ గడ్డి మీద కూర్చున్నాం. దారి పొడుగునా వేడి నువ్వుల వాసన, కందెన వాసన, ఎడ్ల చెమట వాసన ఒకదాని మీద ఒకటి పడుతూ మా వెంటే వచ్చాయి.

పల్లికాయ పీకేసిన చేనులో మేళా. బంతిపూల దండలు వేసుకుని పెళ్లికొడుకుల్లా నిలబడ్డ ట్రాక్టర్లు, గాజు సీసాల్లో ముత్యాల్లాంటి విత్తనాలు, మందు కొట్టే మిషన్‌తో జనం మీద నీళ్లు చల్లుతూ అరిచే ఒక కుర్రాడు. మనుషులంతా ఎండలో మాడుతుంటే ఒక జర్సీ ఆవు మాత్రం షామియానా కింద టేబుల్ ఫ్యాను గాలికి కళ్లు మూసుకుని నెమరు వేస్తోంది. ఇంకో గుడారంలో ఒక గుమ్మడికాయ ఉంది. దాని మీద మా తమ్ముణ్ణి కూర్చోబెడితే వాడి కాళ్లు నేలకు అందలేదు, దింపబోతే ఏడ్చాడు. జిలేబీ పొయ్యి దగ్గర ఈగలకూ పిల్లలకూ తేడా తెలియడం లేదు. అమ్మ అలవాటు కొద్దీ బీర విత్తనాల పొట్లం కొన్నది. ఎక్కడ పెడతావని మాలో ఎవరమూ అడగలేదు.

పందెమంటే, చక్రాలు తిరగకుండా తాళ్లతో బిగించిన బండిలో ఇసుక బస్తాలు నింపి, ముగ్గు గీత దాకా ఈడ్పించడం. గీత దాటని జోడీ ఓడినట్టే. అన్ని జోడీలూ మధ్యలోనే మోకాళ్ల మీద పడ్డాయి. చివరికి మావి వచ్చాయి. తాత చేతిలో ముల్లుగర్ర లేదు, ఏనాడూ లేదు. తోకల దగ్గర అరచేయి ఆనించి "హై నా కొడుకా" అన్నాడంతే, బండి నేలను చీల్చుకుంటూ కదిలింది. జనం లేచి నిలబడ్డారు. తమ్ముడు బాపు భుజమెక్కి కేకలు పెట్టాడు. ముగ్గు గీత ఇక మూరెడు దూరంలో ఉందనగా ఓపెన్‌కాస్ట్ సైరన్ మోగింది.

ఎడ్లు టక్కున ఆగిపోయాయి.

ఎందుకు ఆగాయో మాకు ఎవరూ చెప్పనక్కర లేకపోయింది. మా చేను ఎన్నో ఏళ్లు ఓపెన్‌కాస్ట్ అంచునే ఉండేది. బ్లాస్టింగ్‌కు ముందు సైరన్ మోగగానే ఎర్రజెండాల వాళ్లు వచ్చి అందరినీ చేలల్లోంచి వెళ్లగొట్టేవారు. కూత వినబడితే చాలు, తాత కాడి ఎత్తి, ఎడ్లను దూరంగా తోలుకుపోయి గడ్డి వేసి నీళ్లు పెట్టేవాడు. సైరన్ అంటే వాటికి పని అయిపోయిందని గుర్తు. అది మేళాలో కూడా వినబడుతుందని తాతకు తట్టనే లేదు. ఇప్పుడవి మెడలు వంచి, కాడి ఎప్పుడు ఎత్తుతాడా అని నిలబడ్డాయి.

"మనది గాదురా అది! మనది గాదు! నడువుండ్రి బిడ్డా!" తాత వాటి మెడల మీద పడి బతిమాలాడు.

"ఏ తాతా, షిఫ్టు అయిపోయిందట వాటికి!" జనంలోంచి ఎవరో అరిచారు.

"ఓవర్‌టైం రాయుండ్రి, అప్పుడు గుంజుతయ్!"

మైకులో మాట్లాడే ఆయన కూడా నవ్వేశాడు. అంతలో భూమి అదిరింది. సీసాల్లో విత్తనాలు గలగలమన్నాయి. తాత కాడికి చేయి వేశాడు. జనాన్ని తోసుకుని వచ్చిన బాపు రెండో పక్క పట్టాడు. ఇద్దరూ కలిసి ఎత్తారు.

పొద్దు గూకే వేళకు గోదావరి అవతల నుంచి, మంచిర్యాల దిక్కు నుంచి, తెల్ల ధోవతి కట్టుకున్న పెద్దమనిషి ఒకాయన వచ్చాడు. పత్తి చేను ఉందన్నాడు. ఎడ్ల మెడలు తడిమి, బెల్లం ముక్క తినిపించి అడిగాడు.

"వీటి పేర్లేంది పెద్దాయనా?"

"ఎర్రది సోమన్న, తెల్లది గంగన్న. కట్టె ఎత్తకు బిడ్డా, పేరు వెట్టి పిలువు, సాలు."

"మా దిక్కు సైరన్ ఇనరాదు, నువ్వు ఫికర్ జెయ్యకు."

అమ్మిన పశువుకు తాడు ఇవ్వకూడదంటారు. తాత తాళ్లు విప్పి భుజాన వేసుకున్నాడు. బండిని తెలిసినవాళ్ల దొడ్లో వదిలి మేం జీపులో ఇంటికొచ్చాం.

ఇప్పుడు ఆ ఊరు లేదు. మేళా జరిగిన చేను ఎక్కడో గుర్తుపడదామని మొన్నామధ్య వెళ్లాను. గనిలోంచి తోడి పోసిన మట్టిదిబ్బ కొండలా లేచి ఉంది, దాని మీద తుమ్మలు మొలిచాయి. కందెన అంటే మా కోడలికి తెలియదు, కాడి అంటే ఆమె పిల్లలకు తెలియదు. బాపు లేడు, తాత ఏనాడో పోయాడు.

ఒట్టు వేశాను కనుక ఒక మాట చెప్పాలి. గుమ్మడికాయ నిజం. ఫ్యాను కింద ఆవు నిజం. సైరన్ నిజం, జనం నవ్వడం నిజం. తెల్ల ధోవతి ఆయన్ని మాత్రం నేనే పుట్టించాను. ఆ సాయంత్రం వచ్చింది ఒక లారీ. అందులో అప్పటికే చాలా ఎడ్లున్నాయి. దిగినవాడు వాటి మెడలు తడమలేదు, ఏమీ అడగలేదు. జీపులో తమ్ముడు వెక్కి వెక్కి ఏడుస్తుంటే వాడి చెవిలో చెప్పడానికి అల్లిన కథ అది. నేను మొట్టమొదట అల్లిన కథ అదే.

లారీ తలుపు తన చేత్తోనే మూసి వచ్చిన తాత ఎదుటి సీట్లో కూర్చుని విన్నాడు. నా వైపు వంగి, మెల్లగా అడిగాడు.

"పేర్లు గూడ అడిగిండా రా ఆయన?"

"అడిగిండు తాతా."

"మంచిది" అన్నాడు.