అరవై నాలుగు గళ్ళు, నూట నాలుగు కార్లు

మా బావ చేసేది ఒక పనేనా అని మొట్టమొదట అడిగినవాణ్ణి నేనే. అక్క పెళ్ళయిన కొత్తలో అడిగాను. టైపు పరీక్ష పాసయ్యానన్న పొగరు అప్పటికి నా నెత్తికెక్కి ఉంది.

"కార్లు వాళ్ళే నడుపుకొస్తారు, వాళ్ళే తీసుకెళ్తారు. మధ్యలో నువ్వు చేసేదేంటి బావా, నిలబడటమేగా?" అన్నాను.

బావ చెప్పులు విప్పుకుంటూ, "అవున్రా, నిలబడతాను" అన్నాడు. అక్క మాత్రం ఆ రోజు నా గ్లాసులో టీ సగమే పోసింది.

యూనివర్సిటీ వెనక గేటుకు ఎదురుగా ఒక ఖాళీ స్థలం ఉండేది. అందులో తెల్లరంగు గీతలతో అరవై నాలుగు గళ్ళు, మూల మీద ఒక రేకుల గది. పాఠాలు చెప్పేవాళ్ళూ ఆఫీసువాళ్ళూ కార్లు పెట్టుకునేది అక్కడే. ఇరవై రెండేళ్ళు ఆ స్థలానికి కాపలాదారు మా బావ. గళ్ళు అరవై నాలుగే అయినా రోజూ అక్కడ నూట నాలుగు కార్లు నిలిచేవి. ఎలాగంటే, బావకు కార్ల నంబర్లతో పని లేదు, మనుషుల టైముతోనే పని. ఎవరు ఎప్పుడు వెళ్తారో తెలిస్తే ఎవరి కారు ముందు ఎవరి కారు పెట్టాలో తెలుస్తుంది. పదకొండింటికి క్లాసు ముగించుకుని పోయేవాళ్ళది బయటి వరస. నాలుగింటివాళ్ళది నడిమి వరస. ఇంటికి వెళ్ళాలంటేనే మొహం వేలాడేసే లైబ్రేరియన్ లాంటివాళ్ళది గోడవైపు వరస. అందరూ తాళంచెవులు బావ చేతిలో పెట్టి పోయేవారు. రేకుల గదిలో ఒక చెక్క పలక, దానికి అయిదు వరసల మేకులు, ఒక్కో వరసకు ఒక్కో టైము. యూనివర్సిటీలో అందరూ ఆయన్ని టైంటేబుల్ గారని పిలిచేవారు. అసలు టైంటేబుల్ గోడ మీద అంటించి ఉండేది గానీ దాన్నెవరూ నమ్మేవారు కాదు.

బుధవారం మీటింగుందని చెప్పి మూడింటికే జారుకునే ఎకనామిక్సు లెక్చరర్ గురించి ఆ లెక్చరర్ భార్యకు తెలియదు, ప్రిన్సిపాలుకు తెలియదు, బావకు తెలుసు. ఏనాడూ నోరు జారలేదు. కారు మాత్రం మూడింటికి బయటి వరసలో తయారుగా ఉండేది.

ఇందులో ఒక చిక్కుంది. ఆయన ఉద్యోగపు కాగితంలో రెండు షరతులున్నాయి. గడికి ఒక కారే పెట్టాలి, ఎవరి తాళాలూ తీసుకోకూడదు. రెండింటినీ బావ ఇరవై రెండేళ్ళు రోజూ మీరాడు. మీరితేనే పని జరుగుతుందని అందరికీ తెలుసు కాబట్టి అందరూ కళ్ళు మూసుకున్నారు.

ఇంతలో ఆ స్థలంలో ఏడంతస్తుల అపార్ట్‌మెంటు కట్టాలన్న ఫైలు మా ఆఫీసుకొచ్చింది. నేను యూనివర్సిటీ ఆస్తుల విభాగంలో టైపిస్టుని, కాబట్టి లోకం కన్నా ముందు నాకే తెలిసింది. పైన డెబ్భై రెండు ఫ్లాట్లు, కింద సెల్లారులో పార్కింగు. నేల మీద ఉన్నదంతా నేల కిందికి పోతుంది, ఎవరికీ ఏ నష్టమూ లేదని రాశారు. పార్కింగుకు ఎంత చోటు కావాలో, కాపలాదారు అవసరమో కాదో తేల్చే బాధ్యత నగర ప్రణాళిక బోధించే ప్రొఫెసరుకిచ్చారు. ఈయనకు సొంత కార్లు రెండు. రోడ్ల మీద కార్లు తగ్గాలని ఆయన వారానికో ఉపన్యాసమిచ్చేవాడు, ఉపన్యాసానికి కార్లోనే వెళ్ళేవాడు.

నేను పరిగెత్తుకుంటూ బావ దగ్గరికెళ్ళాను.

"బావా, సోమవారం నుంచి మూడు రోజులు లెక్క తీయడానికొస్తారు. నువ్వు తాళాలు తీసుకుంటున్నావని తెలిసిందంటే షరతు మీరావని తీసేస్తారు. ఆ మూడు రోజులూ గడికొక్క కారే ఉండాలి. మేకుల పలక కనపడకూడదు. ఏం చేస్తావని అడిగితే ఎక్కువ మాట్లాడకు."

"మరేం చెప్పమంటావు?"

"నిలబడతానని చెప్పు."

బావ నా మాట వేదవాక్కనుకున్నాడు. నలభై మందికి పేరుపేరునా చెప్పాడు, మూడు రోజులు కార్లు తేవద్దని. ఆయన మీద ఉన్న గౌరవంతో వాళ్ళు గొణుక్కుంటూ బస్సుల్లో వచ్చారు. ఆదివారం కూర్చుని చెరిగిపోయిన గీతలకు తెల్లరంగు కూడా వేశాడు. సోమవారం ఇద్దరు పరిశోధక విద్యార్థులు అట్టలు పట్టుకుని వచ్చి లెక్కపెట్టారు. గళ్ళు అరవై నాలుగు, కార్లు అరవై నాలుగు. మంగళవారం అంతే. బుధవారం అంతే. వాళ్ళలో ఒకమ్మాయి, "మీరు ఇక్కడేం చేస్తారండీ?" అని అడిగింది.

"నిలబడతానమ్మా" అన్నాడు బావ.

నలభై ఒక్క పేజీల నివేదిక వచ్చింది. టైపు చేసింది నేనే. ఇక్కడికి రోజూ వచ్చే కార్లు సరిగ్గా అరవై నాలుగు, కాబట్టి సెల్లారులో అరవై నాలుగు గళ్ళు చాలు. ఫ్లాట్లలో ఉండేవారికి యూనివర్సిటీ మూడొందల అడుగుల దూరంలో ఉంటుంది గనక వాళ్ళకు కార్లు అక్కర్లేదు. కాపలాదారు చేస్తున్న పని 'నిలబడుట' కాబట్టి దానికి ఆటోమేటిక్ గేటు సరిపోతుంది. ఈ మూడో వాక్యం దగ్గర నా వేళ్ళు ఆగాయని చెప్పుకోవాలనుంది. ఆగలేదు. తప్పుల్లేకుండా కొట్టి, మూడు ప్రతులు తీసి, కుక్కిన పేనులా కూర్చున్నాను. లేచి ఆ ప్రొఫెసరుతో ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. చెప్పలేదు, ఇందుకు నాకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

రేకుల గది పడగొట్టిన రోజు బావ మేకుల పలకను చంకన పెట్టుకుని ఇంటికొచ్చాడు. అక్క దాన్ని వంటింట్లో కొట్టించి ఆ మేకులకు గరిటెలు తగిలించింది. నన్ను చూసి, "మా తమ్ముడి సలహా మీకూ దొరికితే బాగుండునని మా అత్తగారికి చెప్పొస్తా, ఆవిడంటే నాకు పడదుగా" అంది. బావ ఒక సూపర్‌మార్కెట్లో చేరాడు. జనం ఎక్కడపడితే అక్కడ వదిలేసిన ట్రాలీలను ఒకదాన్లో ఒకటి దూర్చి వరసలో పెట్టే పని. ఒక నెల దాటాక అక్కడి మేనేజరు ఆశ్చర్యపోయాడు, ఇంత చోటు ఎక్కణ్ణుంచి వచ్చిందని.

రెండేళ్ళకు అపార్ట్‌మెంటు లేచింది. ప్రొఫెసరు అయిదో అంతస్తులో ఫ్లాటు కొన్నాడు. మూడొందల అడుగులు నడిస్తే చాలని నివేదికలో రాసిన పెద్దమనిషి తన రెండు కార్లనూ సెల్లారులో దింపాడు. పై ఫ్లాట్లు కొన్నదీ ఆ పాత నూట నలుగురిలోవాళ్ళే, వాళ్ళు మాత్రం తక్కువ తిన్నారా, తలా ఒకటి దింపారు. మిగతా పాతవాళ్ళూ తమ చోటు తమకుందనుకుని వచ్చారు. ఇల్లు అలకగానే పండగ కాదంటారు, ఇక్కడ ఇల్లు అలక్కముందే గేటు దగ్గర రిబ్బను కట్టారు. ఉదయం పదింటికి ప్రారంభోత్సవం. తొమ్మిదిన్నరకల్లా సెల్లారు నిండింది, దిగే వాలు నిండింది, రోడ్డు నిండింది. ఆటోమేటిక్ గేటు లేస్తూ దిగుతూ 'స్వాగతం, స్వాగతం' అంటోంది. వైస్ ఛాన్సలరు కారు వాలు మధ్యలో ఇరుక్కుంది. ఆయన అటు దిగలేడు, ఇటు దిగలేడు, తలుపు గోడకు తగులుతోంది.

అపార్ట్‌మెంటు మేనేజరు నన్ను పట్టుకున్నాడు. "ఆ పాతాయన మీ బావగారట కదా, కాస్త పిలుస్తారా?"

సూపర్‌మార్కెట్టు రెండు వీధుల అవతలే. బావ పనిలో వేసుకునే ఏప్రనుతోనే వచ్చాడు. కార్లవంక చూడనైనా చూడలేదు. వాలు మీద నిలబడి, "పదకొండింటికి వెళ్ళేవాళ్ళెవరు? చేతులెత్తండి" అన్నాడు. అంత పెద్ద చదువులవాళ్ళూ బుద్ధిగా చేతులెత్తారు. "రెండింటికి? బుధవారం మూడింటికి వెళ్ళే మీరు ఇటు రండి సార్." ఎకనామిక్సు లెక్చరరు తలొంచుకుని తాళాలిచ్చాడు. ముప్పావు గంటలో వైస్ ఛాన్సలరు రిబ్బను కత్తిరించాడు. ఈ గేటు మన విజ్ఞానానికి నిదర్శనమని ఉపన్యాసం కూడా ఇచ్చాడు.

ఇక బావ లేకుండా కుదరదని మేనేజరుకు అర్థమైంది. అయితే కాపలాదారు అక్కర్లేదని నివేదికలో ఉంది. ఉద్యోగమిస్తే నివేదిక తప్పని ఒప్పుకున్నట్టు. ప్రొఫెసరుకు తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. అందుకని బావను 'మొక్కల సంరక్షకుడు'గా వేసుకున్నారు. అక్కడున్న మొక్కలు గుమ్మానికి అటు రెండు కుండీలు, ఇటు రెండు కుండీలు. అక్క గరిటెలు తీసేసి పలక తిరిగిచ్చింది. బావ దాన్ని మీటర్ల గదిలో తలుపు వెనక వేలాడదీసుకున్నాడు.

"మొక్కలేంటి బావా, నీ పనేంటి? ఊరుకున్నావా?" అన్నాను.

"తాళాలు మళ్ళీ చేతికొచ్చాయి చాలురా" అన్నాడు గానీ, ఇంట్లో పిల్ల స్కూలు ఫారంలో తండ్రి పని అన్నచోట ఖాళీ వదిలేశాడు. అది నేను చూశాను.

ఏడాది గడిచింది. ప్రొఫెసరు రెండో నివేదిక రాశాడు. అదీ నా దగ్గరికే వచ్చింది. అరవై నాలుగు గళ్ళ సెల్లారులో నూట నాలుగు కార్లు ఏ కాపలాదారూ లేకుండా ఇమడటం ఒక వింత అట. చోటు తక్కువైతే జనం తమంతట తామే సర్దుకుంటారని దీనివల్ల రుజువైందట. మిగతా నగరాలు కూడా ఇలాగే కట్టాలట. ఈసారి మాత్రం నా వేళ్ళు నిజంగానే ఆగాయి. కాగితాలు పట్టుకెళ్ళి బావకు చదివి వినిపించాను. ఆయన విని, కుండీలో ఎండుటాకు తుంచాడు.

ఆ వింతను చూడటానికి బయటినుంచి ముగ్గురు నిపుణులు వస్తున్నారని కబురు. ముందు రోజు ప్రొఫెసరు స్వయంగా కిందికి దిగి వచ్చాడు.

"రేపు మీరు సెల్లారులోకి రాకండి. వాళ్ళు సహజంగా ఎలా ఉందో చూడాలి. మీరు మొక్కల దగ్గరే ఉండండి, సరేనా?"

"సరేనండి" అన్నాడు బావ.

ఆయన వెళ్ళాక నేనుండబట్టలేక అడిగాను. "ఏం చేద్దామని బావా?"

"చెప్పినట్టే చేస్తా. పోయినసారీ చెప్పినట్టే చేశాగా. అప్పుడు ఆ నలభై మందిని రావద్దన్నాను. ఈసారి ఎవరికీ ఏమీ చెప్పను."

మర్నాడు తొమ్మిదింటికి బావ ఉతికిన చొక్కా వేసుకుని మొదటి కుండీకి నీళ్ళు పోశాడు. తొమ్మిదింబావుకు రెండో కుండీకి పోశాడు. తొమ్మిదిన్నరకు సెల్లారులో మొదటి హారను మోగింది. పదింటికి సహజంగా ఎలా ఉంటుందో ముగ్గురు నిపుణులకూ తెలిసింది, ఎందుకంటే వాళ్ళు వచ్చిన కారు కూడా అందులోనే ఉంది. జనం తమంతట తాము సర్దుకోవడం మానేసి తమంతట తాము తిట్టుకుంటున్నారు. ప్రొఫెసరు చొక్కా తడిసిపోయి వాలెక్కి పైకొచ్చాడు.

"ఏమిటండీ చూస్తున్నారు? దిగి కాస్త సర్దండి."

బావ మూడో కుండీ మట్టి గుల్ల చేస్తున్నాడు. "నేను మొక్కలవాణ్ణండి. కాగితంలో అలాగే ఉంది."

"ఇప్పుడు కాగితాల మాటెందుకు?"

"పోయినసారి కాగితం ప్రకారమేగా నన్ను తీసేశారు."

నిపుణుల్లో పెద్దావిడ ఆయన వెనకే వచ్చింది. "రోజూ ఈ కార్లు సర్దేది ఎవరు?" అని అడిగింది. ప్రొఫెసరు మేనేజరువంక చూశాడు. మేనేజరు గేటువంక చూశాడు. గేటు 'స్వాగతం' అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. మూడేళ్ళ కిందట మింగిన మాట నాలుక చివరికొచ్చింది. ఉద్యోగం పోతే పోయిందనుకున్నాను.

"ఈయనేనండీ. ముందునుంచీ ఈయనే. గళ్ళు అరవై నాలుగైనా రోజూ నూట నాలుగు కార్లుండేవి. లెక్క తీసిన మూడు రోజులూ మిగతా నలభైనీ రావద్దన్నది ఈయనే, అలా చెప్పమన్నది నేను. ఆ నివేదిక టైపు చేసిందీ నేనే" అన్నాను.

ఆవిడ బావవైపు తిరిగింది. "మీరేం పని చేస్తారు?"

బావ చేతులకున్న మట్టి దులుపుకుని ప్రొఫెసరువంక చూశాడు. "సార్ చెప్తారండి" అన్నాడు.

కింద హారన్లు మోగుతూనే ఉన్నాయి. ప్రొఫెసరు జేబురుమాలు తీసి మొహం తుడుచుకున్నాడు. "ఈయన... కార్లు సర్దుతారు. ఈయన లేకపోతే ఇది నడవదు" అన్నాడు చివరికి. ఆ మాట బయటికి రావడానికి ఆయన పడ్డ యాతన చూసి నాకు కడుపు నిండిపోయింది. బావ మీటర్ల గదిలోకెళ్ళి పలక తెచ్చి, ఈసారి అందరికీ కనపడేలా గేటు పక్కన నిలబెట్టాడు. "పదకొండింటికి వెళ్ళేవాళ్ళెవరు?" అన్నాడు.

వారంలో కొత్త ఉద్యోగపు కాగితం తయారైంది. నా ఉద్యోగం పోలేదు, ఎందుకంటే మా ఆఫీసులో తప్పుల్లేకుండా కొట్టేవాడు ఇంకొకడు లేడు. 'అరవై నాలుగు గళ్ళ పార్కింగు నిర్వాహకుడు' అని కొట్టి, గర్వంగా ఇంటికి పట్టుకెళ్ళాను. అక్క నా గ్లాసు నిండా టీ పోసింది. బావ కళ్ళజోడు పెట్టుకుని కాగితం చదివి నా చేతికే తిరిగిచ్చాడు.

"మళ్ళీ గళ్ళే లెక్కపెట్టావేంట్రా" అన్నాడు. "నూట నాలుగని కొట్టుకురా, అప్పుడు సంతకం పెడతా."