ఆషాఢం ముందర మోతి ఉపాసం

మొన్న మనవరాలి కుక్కపిల్లకు సూది వేయించాలంటే నల్లగొండ పశువుల దవాఖానకు తోడు వెళ్ళాను. లోపలికి పిలిచేదాకా బల్ల మీద కూర్చుని ఎదురుగోడకున్న బోర్డు చదవసాగాను. కోడళ్ళు ఇంటికి వచ్చాక రాత్రి బడికి పోయి అక్షరాలు దిద్దుకున్నదాన్ని కనుక, ఎక్కడ రాత కనిపించినా, అది పళ్ళపొడి డబ్బా అయినా సరే, చివరిదాకా చదవందే నా కన్ను కదలదు. కుక్కకు రోజూ పెట్టే తిండికి తోడు ఉడికించిన గుమ్మడికాయ, క్యారెట్, చిక్కుడు, గుడ్డు కొద్దికొద్దిగా కలపవచ్చునని, ఉప్పూ కారం తగలరాదని, ఉల్లి, ద్రాక్ష, చాక్లెట్ దగ్గరికి రానీయరాదని, ఉడికిన కోడి ఎముక విరిగి లోపల గుచ్చుకుంటుందని, కొత్త తిండి ఏదైనా ఒకేసారి గిన్నె నింపక మెల్లగా అలవాటు చేయాలని అందులో రాసి ఉంది. గుమ్మడికాయ దగ్గరికి వచ్చేసరికి నా చూపు ఆగిపోయింది. మనవరాలు వచ్చి భుజం తట్టేదాకా నేను దవాఖానలో లేను. ఆలేరు దగ్గరి మా ఊళ్ళో, మగ్గాల వీధిలో, ముసురు పట్టిన చూరు కింద మా చిన్నమ్మ పక్కన కూర్చుని ఉన్నాను.

మాది నేతగాళ్ళ ఇల్లు. నన్ను కన్న కొద్ది రోజులకే అమ్మ పోయిందట, ఆమె ముఖం నాకు తెలియదు. అవ్వ అని పిలిచే నాయనమ్మ, బాపు, బాపు తమ్ముడు చిన్నబాపు, నూలు కండెలు చుట్టే నేను, రెండు గుంట మగ్గాలు, మోతి అనే కుక్క, ఇదీ మా సంసారం. నా ఈడువాళ్ళకు చెప్పనక్కరలేదు గాని, ఆ రోజుల్లో పొద్దు పొడవకముందే నిలువు పోగుల పడుగును వీధి పొడుగునా కర్రల మీద సాగదీసి, గంజి పట్టించి, పెద్ద కుంచెలతో దువ్వి ఆరబెట్టేవారు. మేకో దూడో అటు పరుగెత్తి వచ్చిందంటే ఇంటిల్లిపాది కష్టం చిక్కుపడిపోయేది. అందుకే మా వీధిలో ప్రతి ఇంటికీ ఒక కుక్క ఉండేది. మోతి ఆ పడుగు పక్కన, ఒక్క పోగు కూడా తోకకు తగలకుండా, ఈ చివరి నుంచి ఆ చివరికి తిరుగుతుంటే చూడటానికి ముచ్చటగా ఉండేది. దాన్ని ఆలేరు అంగడి నుంచి పిల్లగా ఉన్నప్పుడు తాత తన పైగుడ్డలో వేసుకుని తెచ్చాడట. తాత పోయాక అవ్వ ఆయన మాట ఎవరి దగ్గరా ఎత్తేది కాదు గాని, మోతి దగ్గర కూర్చుని ఇంటి సంగతులన్నీ ఆయనకే చెప్పుకుంటున్నట్టు చెప్పేది.

దాని తిండి విషయంలో అవ్వకు కొన్ని పట్టింపులు ఉండేవి. జొన్నరొట్టె తుంచి మజ్జిగలో నానబెట్టడం రోజూ ఉన్నదే. దాని మీదికి ఆ పూట ఇంట్లో ఏది ఉంటే అది ఇంత, కూరకు ముందే తీసి ఉంచిన సొరకాయ ముక్కో, ఉడికిన అనప చిక్కుడు గింజలో, పెంకు పగిలిన గుడ్డో కలిపేది. కూరలో ముక్క పెట్టవలసి వస్తే నీళ్ళలో కడిగి ఉప్పూ కారం పోగొట్టి పెట్టేది. కోడి ఎముక మాత్రం చచ్చినా వేయనిచ్చేది కాదు. అవ్వ చేసిందంతా సరైనదని నేను అనను, ఎండాకాలంలో చలువ చేస్తుందని రొట్టెలో ఉల్లిగడ్డ కూడా నలిపి వేసేది, అది తప్పని నాకు మొన్న ఆ బోర్డు చదివాకే తెలిసింది. ఏది పెట్టినా అవ్వే పెట్టాలి. ఇంట్లో మనుషులకు వడ్డించే గంటె, కుక్కకు పెట్టే మట్టి చిప్ప, రెండూ ఆమె చేతిలోనే ఉండేవి.

ఒక ఎండాకాలంలో చిన్నబాపుకు పెళ్ళయి చిన్నమ్మ వచ్చింది. వచ్చిన మూడోనాడో నాలుగోనాడో నా తల చూసి అయ్యో అని, వాకిట్లో కూర్చోబెట్టుకుని, చిక్కులు ఒక్కొక్కటే విడదీసి జడ వేసింది. నేతగాళ్ళ పిల్ల కదా, పోగు చిక్కు తీసినంత ఓపికగా తీసింది, ఒక్క వెంట్రుక తెగలేదు. అంతకుముందు నా తల ఎవరు దువ్వారో నాకు గుర్తు లేదు, ఆ తర్వాత మాత్రం ఆమె ఒడి వదిలి నేను ఎక్కడికీ పోలేదు. అవ్వ మాత్రం దూరంగానే ఉండేది. తిట్టేది కాదు, అలాగని దగ్గరికీ తీసేది కాదు. ఏ పనీ పూర్తిగా అప్పగించక, కొత్త కోడలు ఏం చేస్తుందా అని ఓరకంట చూస్తుండేది. చిన్నమ్మ ఆ చూపుకు బెదిరి, అడగకుండానే పనులు వెతుక్కుని మరీ చేసేది.

జ్యేష్ఠం చివర ముసురు పట్టింది. వానాకాలంలో పడుగు ఆరదు, గంజి బూజు పడుతుంది. అందుకని మా ఇంట్లో ఆ కాలంలో పడుగు గంజిలో కొంచెం మైలుతుత్తం నూరి కలిపేవారు. అది విషమని మాకందరికీ తెలుసు కనుక ఆ కుండను మూలకు పెట్టేవాళ్ళం, ఎవరికీ చెప్పవలసిన పని ఉండేది కాదు. చిన్నమ్మ పుట్టింటివాళ్ళు ముతక నూలు నేసేవాళ్ళు, వానలు పడితే పడుగు పనే ఆపేసేవాళ్ళు, వాళ్ళకు తుత్తంతో పని లేదు. మిగిలిన గంజి కుక్కకో గేదెకో పోయడం ఆమె పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి చూసిందే. గంజి రంగు తేడాగా లేదా అంటారేమో, రంగు అంటని కుండ మా వీధిలో ఏ ఇంట్లో ఉంది గనుక! ఒక పొద్దు అవ్వ చాకలి ఇంటికి పోయిన వేళ, మోతి ఆకలిగా చిప్ప నాకుతుంటే చిన్నమ్మ రొట్టె తుంచి, ఆ కుండలో అడుగున మిగిలిన గంజి వంచి, మజ్జిగ కలిపి పెట్టింది. పారేసేదాన్ని పనికి తెచ్చానని అవ్వ మెచ్చుకుంటుందని కూడా అనుకుందట పాపం.

అవ్వ తిరిగి వచ్చేసరికి మోతి వాకిట్లో పచ్చగా కక్కుతోంది. కాళ్ళు నిలవక ఒక పక్కకు పడిపోతోంది.

"ఏం పోసినవే దానికి?"

"గంజే అత్తమ్మా. మూలకున్న కుండలది. మా ఇంట్ల గట్లనే పోస్తం."

"అది తుత్తం గంజే పిల్లా! పడుగుకు వెట్టేది!"

అవ్వ మోతి తల ఒళ్ళో పెట్టుకుని ఏడవసాగింది. ఆ కేక విని, మేమంతా ఖాలా అని పిలిచే పక్కింటి ముస్లిం ఆవిడ వచ్చింది. ఆమె భర్త బట్టలు కుట్టేవాడు, ఆమె కోళ్ళు పెంచేది. "నెత్తి కొట్టుకుంట కూసుంటే కుక్క బతుకుతదా? జర జరుగున్రి," అని అవ్వను పక్కకు నెట్టి, ఇంటికి పోయి కొంగులో గుడ్లు వేసుకొచ్చి, తెల్లసొన పాలల్లో గిలక్కొట్టి దాని నోట్లో పోసింది. దగ్గరలో పశువుల వైద్యుడు లేని రోజులు, మాకు తెలిసింది అదే. మొన్న దవాఖానలో డాక్టరమ్మకు ఈ కథ చెబితే, అట్లా గొంతులో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం మీదికి వస్తుందని, విషం తిన్న కుక్కను వెంటనే దవాఖానకు తేవాలని చెప్పింది. మోతి అదృష్టం బాగుండి ఆ రాత్రి గడిచింది. కాని తెల్లవారి నుంచి తిండి ముట్టడం మానేసింది. అవ్వ మజ్జిగరొట్టె పెడితే వాసన చూసి ముఖం తిప్పుకునేది. తెల్లగా, పల్చగా ఉన్నదేదీ దానికి గిట్టలేదు.

వాన తెరిపి ఇస్తే చాలు వీధిలోని ఆడవాళ్ళు మా గడప ముందు చేరేవారు. వాళ్ళలో ఒకామె చిన్నమ్మకు వినబడేట్టే అన్నది, "కుక్కకే గిట్ల వెట్టింది, రేపు మొగనికేం వెడ్తదో!" నలుగురూ నవ్వారు. అవ్వ నవ్వలేదు, అలాగని వాళ్ళ నోరూ మూయించలేదు. కొత్త కోడలు తొలి ఆషాఢం అత్తింట్లో ఉండరాదని పుట్టింటివాళ్ళు వచ్చి తీసుకుపోవడం, శ్రావణంలో అత్తింటివాళ్ళు పోయి తెచ్చుకోవడం మీకు తెలిసిందే కదా. చిన్నమ్మ అన్న రావలసిన రోజు దగ్గరపడింది. అవ్వ బాపుతో మెల్లగా, "ఎట్లాగు ఆషాఢానికి పోతది. తోలుకొచ్చుడు సంగతి అప్పుడు జూద్దాం," అనడం కండెల బుట్ట పక్కన కూర్చున్న నా చెవిన పడింది. తీసుకుపోయిన కోడలిని తిరిగి తెచ్చుకోని ఇల్లు మా వీధిలోనే ఒకటి ఉండేది, అందుకే ఆ మాటకు అర్థమేమిటో నాకు తెలుసు. నేను పరుగెత్తిపోయి చిన్నమ్మ కొంగు పట్టుకుని ఏడ్చాను. ఆమె అంతా తెలిసినట్టే నా తల నిమిరింది.

ఆ సాయంత్రం చిన్నమ్మ దూలానికి వేలాడుతున్న పాత గుమ్మడికాయను దింపమని చిన్నబాపును అడిగింది. చెక్కు తీసి, గింజలు తీసి, ఉప్పు వేయకుండా మెత్తగా ఉడికించి, చల్లారబెట్టి, తాను ముందు అవ్వ ఎదుటే ఇంత నోట్లో వేసుకుని మింగి, అప్పుడు మోతి దగ్గరికి పోయి చూరు కింద కూర్చుంది. అది ముఖం తిప్పుకుంది. ఆమె లేవలేదు. జల్లు కొట్టి చీర సగం తడిసినా లేవలేదు. "తిను నాయినా, నీ కాల్మొక్త. నువ్వు తినకుంటే నన్నీ ఇంట్ల ఉండనియ్యరు," అని దానికీ పక్కనున్న నాకూ మాత్రమే వినపడేట్టు అనుకుంటూ అరచేయి చాచే కూర్చుంది. మర్నాడూ అంతే. గుమ్మడి ముద్దలో ఖాలా ఇచ్చిన ఉడికిన గుడ్డు పచ్చసొన చిదిమి కలిపింది. చాచిన చేయి చాచినట్టే ఉంది. ఇంటిపనులు చేసుకోవడం, మళ్ళీ వచ్చి కూర్చోవడం. ఆమె పక్కన నేను.

అన్న వచ్చే రోజు పొద్దున కూడా అట్లాగే కూర్చుని ఉంటే, వెనక గుమ్మంలో నిలబడ్డ అవ్వ కసురుకుంది.

"గంత ముద్ద వెడ్తే ఎట్ల తింటదే? కడుపు పుండయి ఉన్నది. గోరంత వెట్టు. ముక్కు కింద గాదు, పక్కకు వెట్టు. దాని మొకం జూడకు, సిగ్గువడ్తది."

ఆ తుత్తం గంజి రోజు తర్వాత అవ్వ ఆమెతో మాట్లాడిన మొదటి మాటలు అవి. చిన్నమ్మ చెప్పినట్టే వేలి చివర గోరంత తీసి, చేయి పక్కకు పెట్టి, ముఖం నా వైపు తిప్పుకుంది. ఆమె కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరగడం నాకు కనపడుతోంది, వెనక మోతి మెడ చాచడం కూడా నాకే కనపడుతోంది. నాలుక వేలికి తగిలినా ఆమె ముఖం అటు తిప్పలేదు. రెండోసారి గోరంత. మూడోసారి ఇంకొంచెం. అవ్వ ఇక చాలు, ఇప్పటికి అంతే, మళ్ళీ పొద్దెక్కినాక అన్నది.

బండి కట్టుకుని వచ్చిన చిన్నమ్మ అన్న, కుక్క సంగతి దారిలోనే విన్నాడో ఏమో, తలవంచుకుని వాకిట్లో నిలబడ్డాడు. మంచినీళ్ళు ఇచ్చినా కూర్చోలేదు. చెల్లెలి మూట బండిలో పెట్టి, ఏమంటారో అన్నట్టు అవ్వ వైపు చూశాడు. బాపు, చిన్నబాపు కూడా అవ్వ వైపే చూశారు. అవ్వ కోడలికి బొట్టు పెట్టి, కొంగులో బియ్యం పోసి, అతనితో గట్టిగా, వీధి ఆడవాళ్ళందరికీ వినబడేట్టు అన్నది:

"శ్రావణం సొచ్చిన తెల్లారే మావోడొస్తడు. ఒక్క దినం ఎక్కువ ఉంచుకుంటే ఊకోను బిడ్డా. నా కుక్క ఉపాసముంటది."

అతను నవ్వాడో ఏడ్చాడో ఇప్పటికీ చెప్పలేను. చిన్నమ్మ బండి ఎక్కి వీధి మలుపు తిరిగేదాకా వెనక్కే చూసింది.

శ్రావణంలో చిన్నబాపు పోయి తెచ్చుకున్నాడు. ఆమె వచ్చిన పూటే అవ్వ మోతి చిప్ప ఆమె చేతికిచ్చింది, కొంతకాలానికి వడ్డించే గంటె కూడా ఇచ్చింది. ఏ ఆకు దానికి పడుతుంది, ఏ ఎముక పడదు, మేక కార్జం ఎంత పెడితే చాలు అని వాళ్ళిద్దరూ పొయ్యి దగ్గర కూర్చుని మాట్లాడుకుంటుంటే, ఒకప్పుడు వాళ్ళ మధ్య మాటలే ఉండేవి కావంటే ఎవరూ నమ్మేవారు కాదు. నా బాల్యంలో నాకు మిగిలిన మంచి సంవత్సరాలు అవే. ఆ తర్వాత నూలు దొరకడం కష్టమైంది, మగ్గం మీద ముగ్గురు నలుగురు బతికే రోజులు పోయాయి, మా వీధిలో సగం ఇళ్ళకు తాళాలు పడ్డాయి. చిన్నబాపు కూడా మరమగ్గాల పనికి భీమండి పోయాడు, చిన్నమ్మను తీసుకుపోయాడు. అప్పటికి మోతి ముసలిదైంది. చిప్ప నా చేతికి వచ్చింది. నేను పెడితే తినేది, తిని మాత్రం చూరు కింద ఆమె కూర్చునే చోటుకు పోయి పడుకునేది. ఒక ఎండాకాలం అక్కడే పడుకుని లేవలేదు.

ఇప్పుడు ఆ వీధిలో పడుగులు లేవు, పడుగుకు కాపలా కుక్కలూ లేవు. ఉన్న కుక్కలు ప్లాస్టిక్ సంచులు చింపుకుని తింటుంటాయి. మనవరాలి కుక్కకు కొలత గిన్నె ఉంది, టీకాలున్నాయి, మోతి కన్నా ఎక్కువ కాలం బతుకుతుంది, సంతోషమే. ఇప్పటి కోడళ్ళు ఇంట్లో చోటు కోసం ఒక కుక్క నోటి వైపు చూస్తూ వానలో కూర్చోనక్కరలేదు, అంతకన్నా సంతోషం. అయినా ఆ చూరు, ఆ ముసురు, నా జడ మీద చిన్నమ్మ తడి చేయి కావాలనిపిస్తుంది, ఏం చేయను.

భీమండిలో వాళ్ళది ఇరుకు గది, మెట్లెక్కి పోవాలని చిన్నమ్మ చెప్పేది. పెళ్ళిళ్ళకు పేరంటాలకు వచ్చినప్పుడల్లా పిల్లల సంగతి, మోకాళ్ళ నొప్పుల సంగతి, కిరాయి సంగతి అన్నీ చెప్పుకునేవాళ్ళం. అక్కడ ఏ కుక్కకైనా ఎప్పుడైనా ముద్ద పెట్టావా చిన్నమ్మా అని మాత్రం నేను అడగనే లేదు. ఇప్పుడు అడుగుదామంటే ఆమె లేదు.